తాళానికి కట్టిన సాము

విశాఖ తీరపు ఆటల చరిత్ర: ఏడవ భాగం

కొరియా దేశపు యుద్ధవిద్య అయిన తైక్వాండోలో పూమ్సే అనే విభాగం ఒకటుంది. ఎదుట ప్రత్యర్థి లేకపోయినా ఉన్నట్టే భావించి, ముందుగా నిర్ణయించిన వరుసలో అడుగులు వేస్తూ, దెబ్బలను కాచుకుంటూ, గుద్దులూ తాపులూ ప్రయోగిస్తూ చేసే ప్రదర్శనను పూమ్సే అంటారు; కరాటే నేర్చినవారు ఇటువంటిదాన్ని కాతా అన్న పేరుతో ఎరుగుదురు. తైక్వాండో అన్న పేరు 1955లో స్థిరపడగా, సియోల్ నగరంలో దాని కేంద్ర శిక్షణాలయమైన కుక్కివాన్ 1972లో వెలిసింది. పూమ్సేలకే ప్రత్యేకించిన ప్రపంచ పోటీలు 2006లో అదే నగరంలో మొదలయ్యాయి. ఆ పోటీలు ఆరంభమైన కొద్ది సంవత్సరాలకే వాటిలో ఫ్రీస్టైల్ అనే కొత్త శాఖ చేరింది. ఇందులో వరుసను క్రీడాకారుడే కూర్చుకుంటాడు, సంగీతాన్ని తానే ఎంచుకుంటాడు, గాలిలోకి ఎగిరి తన్నడం, గిర్రున తిరిగి తన్నడం, పిల్లిమొగ్గ వేస్తూ తన్నడం వంటి తప్పనిసరి అంశాలను ఆ సంగీతపు లయలో ఇమిడ్చి చూపిస్తాడు. పది మార్కులలో ఆరు సాంకేతిక నైపుణ్యానికి, నాలుగు ప్రదర్శనా సౌష్ఠవానికి దక్కుతాయి. సంగీతానికీ కదలికకూ కుదిరిన పొందికను ఈ నాలుగింటిలోనే లెక్కిస్తారు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో పూమ్సే తొలిసారి పతకాంశంగా ప్రవేశించింది.

ఈ ధారావాహిక గత భాగాలలో ఓడరేవు వెంటా, ఉక్కు కర్మాగారం వెంటా విశాఖపట్నానికి వచ్చి చేరిన ఆటల ప్రస్తావన సాగింది. తైక్వాండో కూడా అలా బయటినుంచి వచ్చినదే. అయితే యుద్ధపు కదలికను వాద్యానికి జతచేసి జనం ముందు ప్రదర్శించడం మాత్రం ఈ తీరానికి కొత్తది కాదు. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల జాతరలలో సాముగరిడీలు అన్న పేరుతో అది నేటికీ కనిపిస్తుంది. కర్ర, కత్తి మొదలైన ఆయుధాలను తిప్పే విద్యను సాము అని, ఆ విద్యను నేర్పే చోటును గరిడీ అని వ్యవహరిస్తారు. రెండు మాటలూ కలిసి ఊరేగింపులో జరిగే ప్రదర్శనకు పేరయ్యాయి. ఈ భాగంలో ప్రధానంగా పరిశీలించవలసింది ఈ సాముగరిడీలనే. పోరుకు పనికివచ్చే విద్య పోరు లేని కాలంలో ఎలా బతికింది, దానిని బతికించడంలో వాద్యం నిర్వహించిన పాత్ర ఏమిటి అన్న ప్రశ్నకు సమాధానం వాటిలోనే దొరుకుతుంది.

ఆ సమాధానాన్ని వెతకడానికి ముందు శాస్త్రగ్రంథాలను ఒకసారి చూడక తప్పదు. భరతుని నాట్యశాస్త్రం రంగస్థలంపై ఆయుధ ప్రయోగానికి న్యాయాలు అనే నాలుగు పద్ధతులను చెప్పింది. భారతం, సాత్త్వతం, వార్షగణ్యం, కైశికం అన్నవి వాటి పేర్లు. ఈ పద్ధతులలో ఆయుధాన్ని ఎలా పట్టాలో, ఎటు తిప్పాలో, పాదం ఏ చారితో, అంటే ఏ విధమైన కాలి కదలికతో కదలాలో వివరించి, నిజంగా కొట్టడం గాని గాయపరచడం గాని కూడదని, ప్రహారాన్ని అభినయంతోనే సూచించాలని ఆ శాస్త్రం నియమం పెట్టింది. నటుడు నూనె మర్దనతో, క్రమబద్ధమైన వ్యాయామంతో శరీరాన్ని సిద్ధం చేసుకోవాలని కూడా అక్కడే చెప్పింది. అంటే కల్పిత ప్రత్యర్థితో లయబద్ధంగా పోరాడడమన్న భావన మన శాస్త్ర సంప్రదాయంలో చాలా పాతది, దానికి నియమావళి కూడా అప్పుడే ఏర్పడింది.

13వ శతాబ్దానికి వచ్చేసరికి ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. దేవగిరి యాదవరాజు సింహణుని ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో కోహ్లాటికుడు అనే ప్రదర్శకుని లక్షణం ఉంది. పెద్ద బరువులు మోయడం, తాడుమీద నడవడం, చురకత్తితో నర్తించడం, ఆయుధాలను నేర్పుగా ప్రయోగించడం అతని విద్యలు. ఈ జాబితాను నేటి ఉత్తరాంధ్ర జాతరలో గరిడీ బృందం చేసే ప్రదర్శన పక్కన పెట్టి చూసినవారికి రెంటి మధ్య పోలిక వెంటనే తోస్తుంది. వంశపారంపర్యంగా ఒకదానినుంచి మరొకటి పుట్టిందని నిరూపించడం వేరే విషయం; ఆయుధం తిప్పడాన్ని నృత్య విభాగంలో చేర్చి చెప్పడానికి ఆనాటి సంగీత శాస్త్రకారుడు ఏమాత్రం సంకోచించలేదన్నది మాత్రం తిరుగులేని సత్యం.

తెలుగుదేశానికి సంబంధించినంతవరకు ముఖ్య సాక్ష్యం జాయపసేనాని రచించిన నృత్తరత్నావళి. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయపుడు 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో ఈ గ్రంథాన్ని ఎనిమిది అధ్యాయాలుగా పూర్తిచేశాడు. రణరంగంలో ఏనుగుల దళాన్ని నడిపించవలసిన సేనాని నృత్తశాస్త్రం రాయడం నేటి పాఠకునికి వింతగా అనిపించవచ్చు గాని, ఆనాడు సైనికుని దేహశిక్షణకూ నర్తకుని దేహశిక్షణకూ మధ్య ఉన్న దూరం నేడున్నంత ఎక్కువ కాదు. శాస్త్రాలు మార్గమని పిలిచే ప్రాచీన పద్ధతితో పాటు, ఆయా ప్రాంతాల జనంలో వాడుకలో ఉన్న దేశి నృత్యాలను కూడా జాయపుడు శ్రద్ధగా నమోదు చేశాడు. వాటిలో చేతికర్రలను తాకిస్తూ ఆడే దండరాసకం ఉంది, చిందు ఉంది, పేరణి ఉంది.

పేరణి గురించి నేడు ప్రచారంలో ఉన్న అభిప్రాయం ఒకటుంది. కాకతీయ సైనికులు యుద్ధానికి వెళ్ళే ముందు శివుని ఎదుట ఆడిన వీరనృత్యం అదేనన్నది ఆ అభిప్రాయం. గ్రంథాలలో కనిపించే పేరణి కొంత భిన్నమైనది. ఒంటికి తెల్లని బూడిద పూసుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకున్న నర్తకుడు ఐదు అంగాలతో ప్రదర్శించే నృత్యమది: గజ్జెల మోతను వాద్యపు జతులతో మేళవించే ఘర్ఘరం, ఎగురుళ్ళతో కూడిన విషమం, ఇతరులను అనుకరించే భావాశ్రయం, నాయకుని కీర్తించే కవివారం, చివరగా గీతం. వీటిలో ఘర్ఘరానికీ విషమానికీ కావలసిన దేహబలం, ఊపిరి పట్టు యోధునికి కావలసినవే. అందుచేత పేరణిని యుద్ధానికి ముందు జరిగిన కర్మకాండగా గాక, యుద్ధవిద్యకు పొరుగున పెరిగిన నృత్యంగా గ్రహించడం ఎక్కువ సమంజసం.

కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పాలలోని నర్తకుల భంగిమలను, నృత్తరత్నావళి వర్ణనలను దగ్గర పెట్టుకుని, ఎప్పుడో అంతరించిన ఈ నృత్యాన్ని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో పునర్నిర్మించారు. 1985 మహాశివరాత్రి నాడు అదే గుడి ఆవరణలో పేరిణి శివతాండవంగా ప్రదర్శింపజేశారు. అది పరిశోధకుని ఊహ, సాధకుని అనుభవం కలిసి చేసిన పునఃసృష్టి. అలా చెప్పినంత మాత్రాన ఆయన కృషి విలువ తగ్గదు, పైగా పెరుగుతుంది కూడా. ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. పేరణికి గ్రంథం మిగిలింది, శిల్పం మిగిలింది, కాని ఆడే మనిషి మిగలలేదు. ఉత్తరాంధ్ర సాముకు ఆడే మనిషి మిగిలాడు, గ్రంథమే లేదు.

ఉత్తరాంధ్రలో ఈ విద్య పోషణ పొందిన పరిస్థితులు జమీందారీ చరిత్రతో ముడిపడి ఉన్నాయి. 18వ శతాబ్దపు విజయనగరం, బొబ్బిలి సంస్థానాలకు సొంత సైన్యాలు ఉండేవి. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం ఆ సైన్యాల తెగువకూ, ఆ కాలపు కక్షల క్రౌర్యానికీ కూడా గుర్తుగా జనం పాటలలో నిలిచిపోయింది. ఆ శతాబ్దం ముగిసేలోగానే ఈ సైనిక వ్యవస్థ కూలిపోయింది. పేష్కషు బకాయిల విషయంలో, అంటే ఈస్టిండియా కంపెనీకి ఏటా చెల్లించవలసిన కప్పం విషయంలో తలెత్తిన వివాదం ముదిరి, 1794 జూలై 10న, నేటి విశాఖపట్నం జిల్లాలోని పద్మనాభం వద్ద, కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సేనను విజయనగరం రాజు చిన విజయరామరాజు ఎదుర్కొన్నాడు. గంటైనా గడవకముందే ముగిసిన ఆ పోరులో రాజు, ఆయన వెంట నిలిచిన ప్రముఖులలో అనేకులు నేలకొరిగారు. 1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చిన తరువాత జమీందారు శిస్తు వసూలు చేసి కట్టే భూస్వామిగా మారాడు, శాంతిభద్రతల అధికారం కంపెనీ చేతికి పోయింది. 1878 నాటి ఆయుధ చట్టం కత్తులను, బాకులను, బల్లేలను సైతం ఆయుధాల లెక్కలో చేర్చి, వాటిని ధరించి తిరగడానికి లైసెన్సు అవసరం చేసింది.

ఈ మూడు సంఘటనలను వరుసగా చూస్తే, ఆయుధవిద్యకు జీతం ఇచ్చే యజమాని మొదట పోయాడని, ఆ తరువాత ఆయుధం పట్టుకుని బయట తిరిగే స్వేచ్ఛ కూడా పోయిందని తెలుస్తుంది. కర్రను మాత్రం ఏ చట్టమూ పట్టించుకోలేదు. పశువుల కాపరి చేతిలో, పొలానికి పోయే రైతు చేతిలో ఉండే వెదురుకర్ర ఆయుధం కాదు గనుక కర్రసాము ఊళ్ళలో నిలిచింది. కత్తిసాముకు గ్రామదేవత పండుగ ఆశ్రయమిచ్చింది. అమ్మవారి ఊరేగింపులో కత్తి తిప్పేవాడు తిరుగుబాటుదారు కాడు, భక్తుడు. అలా సాముకు కోటలో దొరికే కూలి పోయి, వీధిలో దొరికే మన్నన మిగిలింది. వీధిలో ప్రదర్శన అంటే వాద్యం తప్పదు. విద్య పండుగను ఆశ్రయించిన నాటినుంచి దాని లయను రాండోళ్ళు, తాషాలు, డప్పులు నిర్ణయించసాగాయి.

సాము ప్రదర్శన సాగే తీరును కొంత వివరంగా చెప్పవలసి ఉంది. బృందానికి గురువును వస్తాదు అంటారు. ప్రదర్శకుడు ముందుగా నేలను తాకి, గురువుకూ ఆయుధానికీ నమస్కరించి బరిలోకి దిగుతాడు. మొదట దరువు నెమ్మదిగా ఉంటుంది, కర్ర ఒంటిచేతిలో పక్కలకు తిరుగుతుంది. క్రమంగా రెండు చేతుల మధ్య మారుతూ, తలమీదుగా, నడుము చుట్టూ, కాళ్ళ సందునుంచి తిరిగే వేళకు దరువు ముదిరి, చూసేవారికి కర్ర కనిపించదు, దాని చుట్టు మాత్రమే కనిపిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా దిగినప్పుడు దెబ్బ, కాపు ఒకదానివెంట ఒకటి దరువుమీదే పడతాయి గనుక ఎవరి తల ఎప్పుడు తప్పుకోవాలో చెవి ముందే చెబుతుంది. ప్రమాదకరమైన విద్యను జనసమ్మర్దంలో ఇంత దగ్గరగా చేయగలగడం వెనుక ఉన్న రహస్యం ఇదే. వాద్యకారుడు ఊరకే మోత మోగించేవాడు కాడు. ఆటగాని మోకాలు వంగడం చూసి దెబ్బ ముందుకు తెస్తాడు, అతని ఊపిరి అందకపోతే నడక తగ్గిస్తాడు. ఆటగాడు తప్పు అడుగు వేసినా ఆ తప్పు బయటపడకుండా దరువుతో పూడ్చగల వాద్యకారునికి బృందంలో వస్తాదుతో సమానమైన గౌరవం దక్కవలసి ఉంది. అది ఎంతమందికి దక్కిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది: సాము చేసినవాని పేరు ఊరు చెప్పుకుంటుంది, దరువు వేసినవాని పేరు చెప్పుకోదు.

ఏటా విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఈ కళలన్నీ ఒకచోట చేరే సందర్భం. పులివేషాలు, సాముగరిడీలు, తప్పెటగుళ్ళు ఆ పండుగ రోజులలో వీధులను నింపుతాయి. యాదవులు గంగమ్మను, కృష్ణుని కీర్తిస్తూ ప్రదర్శించే తప్పెటగుళ్ళలో ఆయుధం లేదు. కాని రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటను తామే వాయిస్తూ, పాడుతూ, వలయంగా ఎగురుతూ, ఒకరి భుజాలమీద ఒకరు నిలిచి గోపురం కట్టే ఆ బృందం చేసేది వ్యాయామవిద్యే. వాద్యమూ దేహమూ ఒకే మనిషిలో కలిసిపోయిన ఇటువంటి ప్రదర్శనలు ఎక్కువగా కనిపించవు.

గోదావరి డెల్టాలో ఇదే సంప్రదాయం మరో పేరుతో నడిచింది. అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానాను 1856లో అబ్బిరెడ్డి రామదాసు ప్రారంభించారని అక్కడి వారు చెప్పుకుంటారు. తాలింఖానా అంటే శిక్షణశాల, చెడీ అంటే బెత్తం లేక కర్ర. దసరా వాహనాల ఊరేగింపులో వీధివీధికీ ఒక బృందం బయలుదేరి కర్రలు, కత్తులు, బల్లేలు తిప్పుతుంది. కళ్ళకు గంతలు కట్టుకుని మనిషి ఒంటిమీద ఉంచిన కూరగాయను కత్తితో నరకడం అందులో జనం ఊపిరి బిగబట్టి చూసే ఘట్టం. ఒక్కొక్క వీధి తన బృందాన్ని పరువుగా భావించి తరతరాలుగా పోషించుకోవడం వల్లనే ఆ విద్య అంతటి బలంతో నిలిచిందని చెప్పాలి.

20వ శతాబ్దపు తొలి దశకాలలో ఈ గరిడీ వాతావరణం నుంచే కోడి రామమూర్తి నాయుడు బయలుదేరారు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో దేహసాధన చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, తరువాత సొంత సర్కస్‌తో దేశవిదేశాలు తిరిగి 1942లో మరణించారు. ఇనుప గొలుసులు తెంచడం, ఛాతీమీద ఏనుగును నిలుపుకోవడం ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి. ఆయన విగ్రహం నేడు విశాఖ బీచ్ రోడ్డులో ఉంది. దేహబలాన్ని టిక్కెట్టు కొని చూసే కళగా తెలుగువారికి అలవాటు చేసినవారిలో ఆయన ముందువరుసలో నిలుస్తారు.

విశాఖపట్నం విషయానికి వస్తే, 1933లో రేవు తెరుచుకున్న తరువాత, ముఖ్యంగా తూర్పు నౌకాదళానికి ఈ నగరం కేంద్రమైన తరువాత, లయబద్ధమైన సైనిక విన్యాసం మరో రూపంలో ఇక్కడి జనానికి పరిచయమైంది. 1971 డిసెంబరు 4న కరాచీ రేవుపై జరిపిన దాడికి గుర్తుగా ఏటా జరుపుకునే నౌకాదళ దినోత్సవాలకు రామకృష్ణా బీచ్ చాలాసార్లు వేదికైంది. ఆ సందర్భంలో నావికులు తుపాకులతో చేసే నిరంతర కవాతులో మాటతో ఇచ్చే ఆజ్ఞ ఉండదు. తుపాకీ చేతులు మారడం, గాలిలో తిరిగి మళ్ళీ అరచేతిలో వాలడం అంతా లోలోపల లెక్కించుకునే అంకెల మీద జరుగుతుంది. సీ కేడెట్ పిల్లలు హార్న్‌పైప్ నృత్యం చేస్తారు. తాళ్ళు లాగడం, తెరచాప ఎత్తడం వంటి ఓడపనులే ఆ నృత్యంలో అడుగులయ్యాయి. పని కదలిక నృత్యమైన ఆ తీరు, పోరు కదలిక నృత్యమైన సాముకు దగ్గరి బంధువే.

ఇప్పుడు సంగీతానికి చేసే తైక్వాండో వరుసను వీటి పక్కన నిలిపి చూడవచ్చు. సాములో వాద్యకారుడు ఆటగానిని చూస్తూ వాయిస్తాడు గనుక దరువు మనిషిని అనుసరిస్తుంది. ఫ్రీస్టైల్ పూమ్సేలో సంగీతం ముందే రికార్డయి ఉంటుంది గనుక మనిషే సంగీతాన్ని అనుసరించాలి. గాలిలోకి ఎగిరిన కాలు అరక్షణం ఆలస్యమైతే కాచుకునే వాద్యకారుడు ఉండడు. దీనివల్ల పూమ్సే క్రీడాకారుడు తన శక్తిని ముందే కొలిచి, ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ బిగపట్టాలో, కంఠం ఎత్తి కిహాప్ అనే రణధ్వని ఎక్కడ చేయాలో సంగీతపు ప్రతి మలుపుకూ నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఆ క్రమశిక్షణ సామాన్యమైనది కాదు. పూమ్సేకు రాత ఉంది, నియమావళి ఉంది, న్యాయనిర్ణేతలు ఉన్నారు, సియోల్‌లో నేర్పే నిర్ణీత వరుసనే విశాఖలో పిల్లవాడు మార్పు లేకుండా నేర్చుకోగలడు. సాములో ఉన్న సజీవమైన సంభాషణ అందులో లేదు; అందులో ఉన్న నమోదు సాములో లేదు. ఒకదానికున్న బలం రెండవదానికి అవసరమైన సమయం వచ్చింది.

ఇతర ప్రాంతాలు ఈ అవసరాన్ని మనకంటె ముందే గుర్తించాయి. 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో పంజాబు గట్కా, కేరళ కలరిపయట్టు, మణిపురి థాంగ్ టా పతక క్రీడలుగా చేరాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన అవే క్రీడలలో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా చేర్చారు. సిలంబం కర్రసాముకు సొంత తోబుట్టువు. అడుగులకు పేర్లు, దెబ్బలకు వర్గీకరణ, పోటీకి నియమాలు రాసుకోవడం వల్లనే ఆ విద్యలకు ఆ స్థానం లభించింది. ఉత్తరాంధ్ర సాముకు అడుగుల పేర్లు వస్తాదుల నోటిలోనే ఉన్నాయి, ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క తీరుగా ఉన్నాయి, వాటిని పలికే తరం వయసు మీరుతున్నది.

అందుచేత చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాలలో గరిడీ బృందాలున్న ఊళ్ళ పాఠకులు, వ్యాయామోపాధ్యాయులు, విశ్వవిద్యాలయాల జానపద కళల విభాగాలవారు వచ్చే జాతరల నాటికి తమ వస్తాదుల చేత ప్రతి అడుగునూ పేరుతో సహా చెప్పించి చిత్రీకరించాలి. ఆ చిత్రంలో కర్ర తిప్పే చేయితో పాటు రాండోలు వాయించే చేయి కూడా కనిపించాలి, దరువు విడిగా కూడా నమోదు కావాలి, వాయించినవారి పేరు వస్తాదు పేరు పక్కనే రాయాలి. దరువు లేకుండా నమోదు చేసిన సాము సగం సామే అవుతుంది.